ఐదు చుక్కలు

ఫర్వానియాలో మా టైపింగ్ అంగడి
చెప్పుల రిపేరుకీ పావురాల దాణా కొట్టుకీ మధ్య
ఒక తలుపంత వెడల్పు.
శుక్రవారం జుమ్మా అయ్యాక షట్టర్ సగం లేపుతాను.
ఆ సగంలోంచే వంగి వస్తుంది పెంచలమ్మ,
చిట్వేలి మనిషి,
జహ్రాలో ఎనిమిది మంది తినే ఇంట్లో వంట.

నంబరు కాగితం తీయదు. నోటికి వచ్చు.
ఎక్కం అప్పజెప్పినట్టు పదకొండంకెలూ చెబుతూ
ఏడో అంకె దగ్గర గుటక వేస్తుంది.
అక్కడే ఒకసారి నేను తప్పు కొట్టాను.
ఎవరో ఫిలిప్పీనో పిల్ల ఫైలు తెరుచుకుంది.
దానికి అప్రూవ్ అయిపోయింది.
ఆ రోజు మేం ఎన్నడూ చూడని ఆ పిల్ల కోసం
ఇద్దరమూ ఒక నిమిషం సంతోషపడ్డాం.

మొదటిసారి తెర మీది మాట పైకి చదివాను:
ఖైద్ అల్ ఇజ్రా.
"ఖైదా?" అంది. కుర్చీ పట్టుకుంది.
"నేనేం తప్పు చేసినా నాయనా?
అకామా మార్చమనేగదా అడిగింది?"
కాదమ్మా, జైలు కాదు,
పని నడుస్తా ఉందని అర్థం, అన్నాను.
అని నాలిక కరుచుకున్నాను.
రెండు మాటలకూ తల్లి ఒకటే.
రాయచోటి మదరసాలో బెత్తం వైపు చూస్తూ
అర్థం తెలీకుండా వల్లించిన అక్షరాలు
ఇరవై ఏళ్ల తరవాత, ఏసీ నీళ్లు కారే ఈ గోడ పక్కన
ఒక్కొక్కటే నోరు విప్పుతున్నాయి:
కట్టు. తాడు. పలుపు.
ఫైలును ఎవరో బల్ల కాలికి కట్టేసి
టీ తాగడానికి పోయారు, అంతే.

పెంచలమ్మకు చదువు లేదు, చూపుంది.
నాలుగు శుక్రవారాల్లో ఆ మాట రూపం పట్టేసింది.
"పైన రెండు, కింద రెండు, మళ్లా కింద ఒకటి.
ఐదు చుక్కలు. ఇయ్యాల గూడా అదేనా?"
అదే.
"ఒప్పుకుంటే ఎన్ని?"
మూడు.
"కాదంటే?"
చెప్పకూడదనుకున్నాను. రెండు, అన్నాను.
అప్పట్నుంచి ఆమె నన్ను అడగదు.
నా భుజం మీదుగా తొంగి చూసి
పెదవులతో లెక్కపెట్టుకుంటుంది.

రంజాను పోయింది. దుమ్ము గాలులు వచ్చి
కీబోర్డు సందుల్లో ఎడారి చేరింది.
పాత మామ పాస్‌పోర్టు ఇవ్వనంది, ఇచ్చింది.
కొత్త ఇంటివాళ్లు ఆగుతామన్నారు,
ఆగలేమన్నారు, ఆగారు.
తెర మీద మాత్రం ఐదు.

మొన్న శుక్రవారం మాట మారింది.
"మూడు!" అని అరిచింది నా చెవి పక్కనే.
దాణా కొట్టువాడు తొంగి చూశాడు.
కొంగుతో మొహం తుడుచుకుంటూ
ఎవరికి ముందు ఫోన్ చేయాలో పేర్లు చదువుతోంది.
నేను వెనక్కి తిరగలేదు.
మూడే పెంచలమ్మా. కానీ మూడూ కింద ఉన్నాయి.
ఒప్పుదల చుక్కలు పైన ఉంటాయి.
ఇది వేరే మాట. యురాజిఅ.
ఆఫీసుకొచ్చి కనబడమంటున్నారు.
ఎందుకో రాయలేదు.

చాలాసేపు తెరనే చూసింది.
వేలితో ఆ మూడింటినీ తాకింది, వేడి పెనం తాకినట్టు.
"పిలిచినారంటే
నేనొకదాన్ని ఉండాననైతే తెల్సినట్టేగదా"
అని పావు దినారు బల్ల మీద పెట్టింది.
వద్దన్నాను. వినలేదు.
షట్టర్ కింద వంగుతూ ఆగి
"నీది ఎన్నడూ చూసుకోవేం అబ్బయ్యా?" అంది.

నాకూ ఒక ఫైలుందని ఎప్పుడు చెప్పానో.

రాత్రి షట్టర్ పూర్తిగా దించాను.
నా నంబరు వేళ్లకే తెలుసు.
తెర మీద గుండ్రం తిరిగి తిరిగి నిలిచాక
అరచేయి అడ్డం పెట్టి
కొంచెం కొంచెం పైకి జరిపాను.
చదవడం వచ్చినవాణ్ణి. చదవలేదు.
చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను
కింది నుంచి.